పీచు గది

చప్పట్లు కొట్టి చూడమన్నాడు మరిడయ్య.
కొట్టాను.
రేకు డబ్బాలో బఠాణీ గింజల్లా
గోడకీ గోడకీ మధ్య గలగలలాడి
ఎప్పటికో సద్దుమణిగింది.

పదడుగులు, తొమ్మిదడుగులు.
ఒకప్పుడు రొయ్యల మేత బస్తాలు పెట్టుకున్న గది.
కింద రాయి, పైన స్లాబు,
నాలుగు పక్కలా నున్నటి సున్నం గోడలు.
ఇందులో కూర్చుని నేను
ఆటోల మీద ఊరంతా తిరిగే మాటలు చదువుతాను:
చీరల తగ్గింపు, కంటి శిబిరం,
"చింతించుచున్నాము" అని మొదలయ్యేవి కొన్ని.
ఏది చదివినా బావిలోంచి పిలిచినట్టుందని
కాట్రేనికోన సెంటర్లో మైకుల షాపువాడు
వంద తగ్గించి ఇచ్చాడు.

ముందు గుడ్ల అట్టలు అంటించాను.
నూట ఇరవై అట్టలు, రెండు డబ్బాల జిగురు.
మాట మారలేదు గానీ
బల్లులు కాపురానికొచ్చాయి.
నరసాపురం లేసు తెరలు కట్టాను.
చూడ్డానికి బాగుంది.
చేపపిల్ల వలలోంచి జారినట్టు
శబ్దం ఆ కన్నాల్లోంచి జారిపోయింది.

చివరికి అంబాజీపేట.
పరుపుల కార్ఖానా వెనక, కోతలో మిగిలిన
కొబ్బరి పీచు చెక్కలు, కిలోల లెక్కన.
మరిడయ్య జాకెట్ల పని పక్కన పెట్టి
గోతాం సూదితో గోనె గుడ్డలో
నాలుగంగుళాల మందాన దిళ్ళు కుట్టాడు.
"గోడలకి పడకలేస్తున్నావేంటమ్మా, నిద్రపుచ్చుతావా?"
అంతేనండీ, అన్నాను.

మూలలే అసలు చోటు.
మోతంతా అక్కడికి పోయి కూర్చుంటుంది,
పెళ్ళిలో అలిగిన మేనమామలాగా.
నేల నించి స్లాబు దాకా
మూలమూలకీ పీచు కూరాం.

పక్క గోడల సంగతి భూలక్ష్మి తేల్చింది.
నేను కుర్చీలో కూర్చుంటే
బొట్టు పెట్టుకునే అద్దం గోడకానించి
అంగుళం అంగుళం జరిగింది.
అద్దంలో నాకు స్పీకరు కనబడ్డ చోట
సుద్దముక్కతో ఓ గీత.
ఒకచోట స్పీకరుకి బదులు
నోరు తెరుచుకున్న నా మొహమే కనబడింది.
అక్కడా గీసింది, నవ్వుతూ.

మళ్ళీ చప్పట్లు.
ఈసారి చప్పుడు చేతుల్లోనే ఉండిపోయింది.
మరిడయ్య దగ్గాడు. తన దగ్గు తనకే చిన్నదైపోయి
కంగారుగా బయటికెళ్ళాడు.
నా గొంతు నేను మొదటిసారి విన్నాను:
"స" దగ్గర సన్నటి ఈల,
మాట చివర ఊపిరి అందుకునే తొందర.
ఇన్నాళ్ళూ గోడలు దాచిపెట్టాయి.

అయితే పీచు
లోపలి మాటని పట్టుకుంటుంది,
బయటి మాటని ఆపదు.
వీధి దాటితే చెరువులు.
రాత్రంతా ఏరేటర్లు నీళ్ళని కొడుతూనే ఉంటాయి.
గోడలోంచి, నేలలోంచి, కుర్చీ కోళ్ళలోంచి
ఆ హోరు మైకులోకి ఎక్కుతుంది.

కరెంటు పోతేనే ఆగుతుంది.
నా ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది.
కరెంటు పోవడానికీ జనరేటరు అందుకోవడానికీ మధ్య
మూడు నిమిషాలు.
ఆ మూడు నిమిషాల కోసం
కాగితం చేత్తో పట్టుకుని
ఎన్ని రాత్రులు కూర్చున్నానో.

నిన్న పోయింది.
మీట నొక్కి మొదలుపెట్టాను:
"ఉచిత కంటి శిబిరం. వచ్చేటప్పుడు..."
హెడ్‌ఫోన్లో, నా మాట వెనక,
గట్టు మీద పరిగెడుతున్న తడి చెప్పులు.
సింహాద్రి.
జనరేటరు తాడు లాగుతున్నాడు.
ఒకసారి. మళ్ళీ. అందుకోవడం లేదు.
"...రేషను కార్డు, పాత కళ్ళజోడుంటే అదీ..."
నాలుగో నిమిషం.
ఇంత నిశ్శబ్దం నాకెప్పుడూ దొరకలేదు.
ఈపాటికి రొయ్యలు
ఊపిరి కోసం పైకి తేలుతుంటాయి.
కాగితం కింద పెట్టి
టార్చి తీసుకుని వెళ్ళాను.

పొద్దున విన్నాను. మీట ఆపలేదట నేను.
తలుపు తీసిన చప్పుడు. కప్పలు.
చాలాసేపటికి, దూరంగా,
ఇంజను దగ్గి దగ్గి అందుకోవడం,
ఎవరో హమ్మయ్య అనడం. నేనేనేమో.
షాపువాడికి ఇది పనికిరాదు.
చెరపలేదు.